పిలుపు లేని పండగ, స్తమేన అత్త

మా సెర్బియాకు చదువు నేర్పినవాడు సావా ముని. రాజు కొడుకై పుట్టి, కోట వదిలి సన్యసించాడు. ఆయన పోయి వందల ఏళ్లయినా, నిన్న సాయంత్రమే ఈ దారిన వెళ్లినట్టు మాట్లాడతారు మావాళ్లు. చీకటి ఇళ్లలోకి సంచులతో వెలుగు మోసుకుంటున్న జనానికి, గోడకు కిటికీ పెట్టడం ఆయనే చూపించాడట. ఆ మొదటి కిటికీ మా ఊళ్లోదే. పక్క ఊరివాళ్లు కాదంటారు. వాళ్లకింకా వెలుతురు సరిగా పడలేదు.

బడులకు ఆయనే పెద్దదిక్కు. ఆరో తరగతిలోనే చదువుకు దండం పెట్టేసిన నేను కూడా జనవరిలో ఆయన పండగ మానను. మా బడిలో ఆ పండగ నిలిచిందంటే స్తమేన అత్త చలవే. కొత్త కోడలిగా ఉన్నప్పుడే బడిలో చలికి పొయ్యి రాజేసే పనిలో చేరింది. భర్త పోయాక బడే ఇల్లయింది. మా నాన్ననీ, నన్నూ, నా కూతుర్నీ అదే గొంతుతో కసిరింది.

నిరుడు పట్నం నుంచి గోర్యాన అనే టీచరమ్మ వచ్చింది. ఈ మంచుకొండకు రావడానికి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. ఆమె పోతే బడికి తాళమే. పాపం, మంచి మనసుతో పండక్కి ఇంటింటికీ ఆహ్వానాలు పంపింది. అంతే, ఊరు మూతి ముడుచుకుంది. ఈ పండక్కి ఎవరూ ఎవర్నీ పిలవరు. తలుపు తీసి ఉంటుంది, వెళ్తాం.

"కాగితం పంపడానికి మనమేమన్నా పరాయివాళ్లమా?" అన్నాడు పక్కింటి వుకోమాన్ తాత.

పండగనాడు పొద్దెక్కినా ఒక్కరూ బడి గడప తొక్కలేదు. టీచరమ్మ కళ్లు తుడుచుకుని, "ఈ ఊరికి నేను పనికిరానత్తా. రేపటి బస్సుకి వెళ్లిపోతా" అంది.

స్తమేన అత్త సావా ముని పేరిట కాల్చిన పండగ రొట్టెను పళ్లెంలో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, మంచులో ఊరంతా తిరిగింది. ఎవరి గుమ్మం ముందూ ఆగలేదు, ఎవరివంకా చూడలేదు. సావా ముని రొట్టె అలా ఇల్లు దాటి వెళ్లిపోతుంటే కూర్చునే గుండె ఎవరికుంది? కోట్లు తొడుక్కుంటూ వెనకే నడిచాం.

బడి గుమ్మంలో ఆమె ఇటు తిరిగి అడ్డంగా నిలబడింది.

"బాబాయ్, నిన్నెవరన్నా పిలిచారా?"

"ఎవరూ పిలవలేదమ్మా" అన్నాడు వుకోమాన్ తాత.

"మరి ఆ జేబులోదేంటి?"

"అదా... సిగరెట్ చుట్టుకునే కాగితం."

"అయితే లోపలికి రా."

నా వంతు వచ్చింది. "నిన్నోయ్?"

"నన్ను బడికి ఎవరు పిలుస్తారత్తా, తరిమేవాళ్లే గానీ!"

"తరమకముందే పారిపోయావు కదరా. పద, పద!"

మతగురువు రొట్టెకు గాటు పెట్టి ద్రాక్షసారా పోశాడు. అందరం ఆ రొట్టె మీద చేతులేసి తిప్పాం, విరిచాం. పంచుకోగా పళ్లెంలో ఒక ముక్క మిగిలింది.

"ఈ ముక్క ఎవరిది?" అని అడిగింది గోర్యాన.

"వచ్చే ఏడు పండగ చేసేవాళ్లది" అంది అత్త. "అంటే, ఇక్కడుండేవాళ్లది."

ఎవరూ చెయ్యి చాచలేదు. టీచరమ్మ అత్త ముఖంలోకి చూసింది. తర్వాత మెడలోని శాలువా తీసి, ఆ ముక్కను అందులో చుట్టుకుంది.

నా కూతురు ఇప్పటికీ మా ఊళ్లోనే చదువుకుంటోంది. అందుకే సావా మునికి ఒక దండం పెడితే స్తమేన అత్తకు రెండు పెడతాను. ఆయనేమీ అనుకోడు.