పాన్‌కేక్‌లో గుప్పెడు పొడి

ఈ పొద్దున జరిగింది. రాతలో తప్పులుంటే మన్నించండి.

క్రిస్మస్ టిఫిన్‌కు పాన్‌కేకులు కావాలని మనవరాలు జెస్సీ వారం నుంచి అడుగుతోంది. కోడలు సునీత పిండి కలిపి, పెనం నాకప్పగించి, పాపకు స్నానం చేయించడానికి వెళ్లింది. పిండి నాకు చప్పగా అనిపించింది. డబ్బాలోని వేరుశెనగ పొడి గుప్పెడు వేసి కలిపాను. మా ఇంట్లో ఏ కూరైనా ఆ పొడి పడకుండా పొయ్యి దిగదు. నలభై ఏళ్లుగా మా చేలో పండేదీ అదే.

కొత్త గౌనులో జెస్సీ వచ్చి కూర్చుని ముక్క తుంచింది.

"ఏం మామా, కమ్మగా వాసనొస్తాండాది. ఏమేసినావు?" అంది సునీత.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు ఒక్క వేరుశెనగ గింజ తిని పాపకు మూతి వాచి, ఊపిరాడక, అనంతపురం ఆసుపత్రికి పరుగెత్తాం. అప్పటి నుంచి పాపకు కూర విడిగా వండుతున్నాం. పాప చేతిలోని ముక్కను కొట్టేసి, పళ్లెం లాగేశాను. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఏం నాయనా, పండగ పూట బిడ్డను కొడతావా?" అని మా అబ్బాయి అరిచాడు.

"చెనక్కాయల పొడి ఏసినా రా" అన్నాను.

సునీత పాప నోరు తెరిచి చూసింది. ఏమీ లేదు. అయినా గంటసేపు ముగ్గురం ఆ పెదాలనే చూస్తూ కూర్చున్నాం.

చర్చిలో జెస్సీ అందరికీ చెప్పింది, "మా తాత నన్ను పాన్‌కేక్ తిననీలేదు" అని. నేను తల వంచుకున్నాను.

ఇట్లాంటి పిల్లలున్నవాళ్లు ఆ పొడి డబ్బా ఎక్కడ పెడతారో కాస్త చెప్పండి. మాది ప్రస్తుతం పశువుల కొట్టంలో ఉంది.