మడతల బండ, సాయిలు ఇంటి దర్వాజ

పదేళ్ళుగా బడిలో ఒకటే పాఠం చెబుతున్నాను: రాతిపొరల మడతలు చూడాలంటే హిమాలయాలకు పోవాలని. ఈ ఎండాకాలం మా బడి గోడ కట్టడానికి వచ్చిన రాళ్ళు కొట్టే సాయిలు అది విని నవ్వాడు. "మా ఇబ్రహీంపట్నం గుట్టకు రా పంతులూ, బండ చీర కుచ్చిళ్ళ లెక్కుంటది." నాకు పౌరుషం వచ్చింది. పోలీసు చర్య తరువాత బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి కదా, ఆదివారమే బయల్దేరాను.

చాదర్‌ఘాట్ దగ్గర పొద్దున ఆరున్నరకు బొగ్గు ఆవిరితో నడిచే బస్సు, టికెట్టు ఎనిమిది అణాలు. మన్నెగూడలో నీళ్ళు పోయడానికి ఆగింది, ఇక కదలదే! "ఎంతసేపన్నా?" అంటే "దానికి దమ్ము తీరాలె గద, ఫికర్ చెయ్యకు" అన్నాడు డ్రైవరు. తొమ్మిదిన్నరకు దిగి గుట్టదాకా మైలున్నర నడిచాను.

పోలీసు చర్య నాటి గడబిడలో గుట్ట కిందున్న సాయిలు ఇల్లు కాలిపోయింది. గోడలు లేపాడు గానీ దర్వాజ మీద వేసే బండ దొరకలేదు. మిరుగం, అంటే మృగశిర కార్తె, వానలలోగా అది పడకపోతే కప్పు లేదు, భార్య పోశవ్వా పిల్లలూ ఈ ఏడు కూడా చెట్టుకిందే. తిన్నని బండలన్నీ కాలిన మిగతా ఇళ్ళకు పోయాయి. మిగిలింది ఈ మడతల బండ.

సాయిలు దాని మీద కుండెడు నీళ్ళు కుమ్మరించాడు. అబ్బ! నలుపు, తెలుపు చారలు వంపు మీద వంపు తిరిగి పైకి తేలాయి. నా పాఠం అక్కడే మునిగింది. ఒకప్పుడు ఇక్కడా పర్వతాలుండేవన్న మాట. వాటి అడుగున, భూమి లోతుల్లో, వేడికి రాయి మెత్తబడుతుంది. పక్కల నుంచి ఒత్తిడి లక్షల ఏళ్ళు మెల్లగా పడితే విరగదు, మడతపడుతుంది. పై కొండలు వానకూ గాలికీ అరిగిపోయాక ఆ అడుగు ఇలా బయటపడింది.

"అడ్డంగా కొట్టు, తిన్నగా చీలుతుంది" అని పుస్తకజ్ఞానం వెలగబెట్టాను. సాయిలు సమ్మెటతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. "చార ఎటు పోతే చీలిక గటే పోతది పంతులూ" అని చార వెంబడే మేకులు దిగ్గొట్టాడు. మధ్యాహ్నానికి బండ చీలింది, ఒక కొన వంగి. అతని ముఖం వాడిపోయింది. పోశవ్వ కొంగు దోపుకుని వచ్చి చూసింది. "వంకరయితే ఏమాయె? వానకు వంకర తెలుస్తదా? ఎక్కియ్యి!"

జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని, ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసి ఎనిమిది మందిమి పట్టి దర్వాజ మీదికి ఎక్కించాం. నాలుగింటి బస్సు తప్పింది, పోతే పోనీ.

హిమాలయాలు చూడలేదని ఇన్నేళ్ళు కుమిలాను. పర్వతం అడుగు ఇంత దగ్గర ఉందని ఎవరనుకున్నారు! మీరు పోతే రెండు కుండల నీళ్ళు పట్టుకుపొండి, ఒకటి తాగడానికి, ఒకటి బండకు. ఎండిన బండ మీద మడత కనబడదు. నేనైతే చారలు చూస్తూ చూస్తూ దర్వాజలో వంగిన కొనకు తల గుద్దుకున్నాను. పోశవ్వ పసుపు అద్దుతూ నవ్వింది. "మిరుగం రానీ పంతులూ, ఈపారి మేం లోపలుంటం."