అయిదు గంటల దూరం

పగిడయ్యకు ఊళ్లో ఒకటే ఉద్యోగం, అదీ జీతం లేనిది. చావు కబురు మోయడం. ఇల్లందు అవతల అడవిలో ఉన్న ఆ గూడెంలో ఎవరు పోయినా, ఆడబిడ్డలు వచ్చి ముఖం చూసేదాకా శవం లేవదు. అందుకని ముందు పగిడయ్య లేస్తాడు. ఏ ఊరు ఎంత దూరమో చుట్టల్లో చెప్తాడు. మూడు చుట్టలు కాలేంత దూరమంటే మూడే, వాగు పొంగితే నాలుగు. అతను చెప్పిన పొద్దుకు చుట్టాలు దిగకపోవడమనేది ఎన్నడూ జరగలేదు. ఆ సంగతి అతనే అందరికీ చెప్పేవాడు.

2006లో, వానలు వెనకబట్టాక, నాగక్క పోయింది. పగిడయ్యకు వరసకు అక్క. ఆమెకు ఒక్కతే బిడ్డ, ప్రమీల. మొగుడు వదిలేశాక కువైట్‌లో ఒకరింట్లో వంటపనికి పోయింది. కువైట్ ఎన్ని చుట్టలని పెద్దమనుషులు అడిగితే పగిడయ్య జన్మలో మొదటిసారి నీళ్లు నమిలాడు.

ఇల్లందు పోయి ఫోన్ల దుకాణం బాలకృష్ణను అడిగాడు. హైదరాబాద్ విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి మూడువేల కిలోమీటర్ల పైనే ఉంటుందన్నాడు బాలకృష్ణ. పగిడయ్యకు కిలోమీటర్ల మీద నమ్మకం లేదు. విమానం ఎంతసేపు పోతుందని అడిగాడు. అయిదు గంటలట. చర్లలో ఉన్న నాగక్క చెల్లెలు రావడానికే ఒక పూట దాటుతుంది. ఆ లెక్కన కువైట్ చర్లకంటే దగ్గర. బిడ్డను ఇంత దగ్గర పెట్టుకుని నాగక్క ఏడాదిగా ఎందుకు ఏడ్చిందో అతనికి అర్థం కాలేదు.

బాలకృష్ణ ప్రమీల పనిచేసే ఇంటికి ఫోను కలిపి, తనకొచ్చిన ఉర్దూలో యజమానురాలికి కబురు చెప్పాడు. ప్రమీలకు చెప్తానందామె. హైదరాబాద్ బస్సు కూడా కలుపుకుని, తెల్లారి పొద్దెక్కేసరికి బిడ్డ దిగుతుందని పగిడయ్య ఊళ్లో చెప్పాడు. చర్ల చెల్లెలు వచ్చింది. తెల్లారింది, మధ్యాహ్నమైంది, ప్రమీల రాలేదు. ఇంక ఆగలేమన్నారు పెద్దమనుషులు. పగిడయ్య వాళ్లతో పోట్లాడి, మళ్లీ ఇల్లందు పరుగెత్తాడు.

ఈసారి ఫోను ప్రమీలే ఎత్తింది.

"బిడ్డా, యాడికొచ్చినవ్?" అన్నాడు.

"ఈడనే ఉన్న మామా. పాస్‌పోర్టు ఈ ఇంటి సేటు కాడున్నది. ఒప్పుకున్న గడువు తీరేదాక ఇయ్యడంట. కాళ్లు పట్టుకున్నా ఇయ్యలే. విమానం అయిదు గంటలే మామా. దాని దాక పోవుడే ఇంక రెండేండ్లు."

తను చెప్పిన పొద్దు తప్పిందన్న సంగతి పగిడయ్యకు గుర్తుకే రాలేదు.

"అమ్మను లేపమంటవా?" అని అడిగాడు.

"లేపుండ్రి. జరసేపు మొకం మీద గుడ్డ కప్పకుండ్రి మామా."

"అట్లనే" అన్నాడు.

ఊరికి వచ్చి, ప్రమీల రాదని చెప్పి, పాడెకు ముందు తనే భుజం పట్టాడు. కాటిదాకా నాగక్క ముఖం మీద గుడ్డ కప్పనివ్వలేదు.