గొంతు లేని ఏడుపు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలం, రేగొండ మండలంలో ఒక పల్లె. నేను ఆశా కార్యకర్తను. చదివింది ఎనిమిదో తరగతి వరకే. చూసింది మాత్రం మరిచిపోను.

రెండున్నర నెలల టీకా గుర్తు చేయడానికి రజిత ఇంటికి వెళ్లాను. పాప నోరంతా తెరిచి ఏడుస్తోంది. చప్పుడు లేదు! డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఎన్నొద్దులాయె గిట్ల?"

"రెండొద్దులు అక్కా. పాలు గూడ తాగుతలేదు," అంది రజిత.

"దిష్టి తాకింది. పొద్దుగూకినంక తీస్తే పోతది," అంది ఆమె అత్త లచ్చవ్వ.

"రజితా, నువ్వేం తింటున్నవ్?"

"అన్నం, ఎల్లిపాయ కారం."

"పప్పు?"

"బాలింతకు పప్పేందే? వాతం చేస్తది!" లచ్చవ్వే జవాబిచ్చింది.

ఆ అన్నమైనా తెల్లటి మిల్లు బియ్యం. నీళ్లు తేటపడేదాకా కడిగి, గంజి వార్చి బర్రెకు పోస్తున్నారు. రజిత పాదాలు ఉబ్బి ఉన్నాయి. నేను పనిలో చేరిన కొత్తలో ఒక ముసలి నర్సమ్మ చెప్పింది గుర్తొచ్చింది: పసిబిడ్డ గొంతు పోయి రొప్పుతుంటే తల్లి కంచం చూడాలని, బి వన్ తక్కువైతే అట్లా అవుతుందని.

అంబులెన్సుకు ఫోన్ చేశాను.

"నా మనుమరాలిని తీస్కపోనీకి నువ్వెవతివే?"

"తిట్టు అవ్వా, దారి పొడుగునా తిట్టు. ముందుగాల బండెక్కు."

భూపాలపల్లి దవాఖానలో చిన్న వయసు డాక్టరు ఆక్సిజన్ పెట్టి, నిమోనియా కావచ్చన్నాడు. నేను కదల్లేదు.

"సారూ, పాప గొంతు పోయింది. తల్లి కాన్పు అయినకాడికెల్లి ఉత్త అన్నమే తింటున్నది. బి వన్ తక్కువయిందేమో."

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్తేంది సారూ? తప్పయితే నన్ను తిట్టుండ్రి. ఆ బి వన్ సూది మాత్రం ఇయ్యుండ్రి."

ఆయన కోప్పడలేదు. రజిత పాదం వేలితో నొక్కాడు; గుంట పడింది. వెంటనే పాపకు థయమిన్ సూది వేయించాడు. థయమిన్ అంటే బి వన్ విటమిన్. తిన్న అన్నాన్ని సత్తువగా మార్చేది, గుండెను, నరాలను నిలబెట్టేది అదే. పప్పుల్లోనూ, బియ్యం పైపొరలోనూ ఉంటుంది. మిల్లులో కొంత, కడుగునీళ్లలో కొంత, గంజిలో మిగతాది పోతుంది. తల్లి ఒంట్లో లేనిది పాలల్లోకి ఎక్కడి నుంచి వస్తుంది?

పొద్దుగూకే సరికి రొప్పు తగ్గింది. గొంతు మాత్రం మూడో నాడు వచ్చింది, వార్డంతా అదిరేలా. పక్క మంచం ఆమె "జర ఊకోబెట్టుండ్రి" అంటే లచ్చవ్వ లేచింది: "ఏడ్వనియ్యి! నా మనుమరాలిని నోరు ముయ్యమంటే మంచిగుండది!"

ఇప్పుడు ఏ బాలింత ఇంటికి వెళ్లినా ముందు వంటింట్లోకే నడుస్తాను. అత్తలకు కోపమొస్తుంది. రానివ్వండి. పత్యం పేరుతో పప్పు ఆపితే మాత్రం నేను గడప దిగను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి పసిబిడ్డ ఏడిస్తే వాడకట్టంతా వినబడాలి.