లూజు బుష్, విజయ మేడం చుక్కలు

2019, యాసంగి నాట్ల కాలం. హాలియాలో నా లేత్ షాపు నిండా బోరు మోటార్లే. ఊపిరాడని పనిలో ఉండగా, హైస్కూల్లో సైన్స్ చెప్పే విజయ మేడం రెండు చెక్కలు, బొమ్మ గీసిన కాగితం పట్టుకొచ్చారు.

"యూసుఫ్ భాయ్, చుక్కల ఫొటోలు తీస్తున్న. భూమి తిరుగుతాంది గద, జర ఎక్కువసేపు తీస్తే చుక్కలు గీతలైతున్నయ్. కెమెరాను గూడ చుక్కలెంబడి తిప్పాలె."

దాన్ని ట్రాకర్ అంటారట. రెండు చెక్కలకు ఒకవైపు కీలు, రెండోవైపు మెల్లగా తిరిగే స్క్రూ రాడ్డు, పై చెక్క మీద కెమెరా. కీలు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. పాత కెమెరా కొని రెండేళ్లుగా సొంతంగా నేర్చుకుంటున్నారామె. నేను కీలుకు ఇత్తడి బుష్, అంటే పిన్ను తిరిగే గొట్టం ముక్క, చేసిచ్చాను. మోటార్ బుష్‌లో నూనె ఆడేందుకు కాస్త ఖాళీ వదులుతాం. అది క్లియరెన్స్. అలవాటు కొద్దీ ఇందులోనూ వదిలేశాను.

వారం తర్వాత ట్రాకర్ పట్టుకొచ్చి, ఫోన్లో ఫొటో చూపించారు. గొర్రుకొయ్యలు, అదే వరసగా ఉండే మూడు చుక్కలు, మూడు గీతలుగా పడ్డాయి. కీలు ఊపితే టకటకమంది. తప్పు నాదేనని అర్థమైంది. పక్కన ఇద్దరు రైతులు మోటార్ల కోసం నిలబడి ఉన్నారు. పేరు పోతుందని భయపడ్డాను.

"మీరు దిక్కు సరిగ్గ పట్టలేదేమో మేడం," అన్నాను.

ఆమె నమ్మారు. రోజూ పొద్దుగూకాక డాబా ఎక్కి దిక్కు సరిచూసుకున్నారు. చంద్రుడు లేని రోజులన్నీ దానికే పోయాయి. నెల దాటాక మళ్లీ వచ్చారు.

"నాతోని గాదు భాయ్. కెమెరా అమ్మేస్త. ఎవరన్న కొంటరా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అమ్మకండి మేడం. తప్పు మీది గాదు. నా బుష్ లూజు."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు ఫొటో చూపించిననాడే."

తిడతారనుకున్నాను. స్టూలు మీద కూర్చుండిపోయారు. "చుక్కలు యాడికి పోతయ్ భాయ్, మళ్ల తీసుకుంట. నాకు చేతగాదని నేనే అనుకున్న గద. గదే బాధ."

మోటార్లు పక్కన పెట్టి కొత్త బుష్ చేశాను. రంధ్రాన్ని నున్నగా, సరైన కొలతకు తెచ్చే రీమర్ పట్టి, పిన్ను ఊగకుండా కూర్చోబెట్టాను. తర్వాతి అమావాస్యకు ఆమె ఫొటోలో చుక్కలు చుక్కల్లాగే వచ్చాయి.

ఇత్తడి పాడైతే మళ్లీ చేసివ్వొచ్చు. ఆ నెలంతా ఒక మనిషి తనను తాను తిట్టుకుంది నా వల్లే. ఇప్పుడు నేను చేసింది ఏది తిరిగొచ్చినా, ముందు "నా తప్పే కావచ్చు, చూస్త, ఉండండి" అంటున్నాను.