రేకుబిళ్ళల బోర్డు

ఉదయం తొమ్మిదీ పదికి ప్రింటరు ఆ రోజు జాబితాను బయటపెట్టింది. నేను ఫిజీ రాజధాని సువాలో ప్రోగ్రామరును. ఆ చెరకు సీజనుకు నన్ను లోవులోని ఒక లారీల సహకార సంఘానికి పంపారు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. ఏ లారీ ముందు మిల్లుకు వెళ్ళాలో ఆ వరసను కంప్యూటరులో పెట్టడం నా పని.

అంతకుముందు ఆ వరస గేటు గుమాస్తా నరసింహులుగారి బోర్డు మీద ఉండేది. వచ్చిన లారీకల్లా ఒక మేకు, దానికి నంబరు వేసిన రేకుబిళ్ళ. ఇక బిళ్ళలు అక్కర్లేదని ఆయనకు చెప్పింది నేనే.

కాసేపటికి వెంకన్న తాత జాబితా పట్టుకొని వచ్చాడు. రెండో వంతు ఆయనది. కాగితంలో ఆఖరున ఉంది. ఆయన పొలంలో నిప్పు పడి మూడు రోజులైంది. కాలిన చెరకు ఇంకా నిలవుంటే మిల్లు తీసుకోదు.

"క్యా భైయా, అప్పన్నకి ఒకటో నంబరు, నాకు ఆఖరా? నేనూ అప్పన్నని పేరు పెట్టుకుంటే పోతుందా నా చెరకు?"

యార్డులో వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

తప్పు నాది. పేర్లు వెతుక్కోవడానికి వీలుగా, అక్షరక్రమంలో ఇంకో జాబితా వేసే ఫంక్షను, అంటే ప్రోగ్రాములో ఒక చిన్న భాగం, ఆ ఉదయమే చేర్చాను. ముందు రాసిన ఫంక్షనులో, లోపలికి వచ్చిన వరసకున్న పేరునే తీసి ఒక కొత్త జాబితాకు పెట్టాను. ఫంక్షను బయట ఉన్న అసలు వరసకు ఏమీ కాలేదు. దాంతో లోపల ఏం చేసినా బయటికి తగలదనుకున్నాను. ఈసారి కొత్త జాబితా చెయ్యకుండా, వచ్చిన వరసనే సర్దాను. బయట ఉన్నదీ అదే వరస. పాతది నా దగ్గర ఎక్కడా మిగల్లేదు.

నరసింహులుగారు నన్ను గేటు గది వెనక్కి తీసుకెళ్ళారు. బిళ్ళలన్నీ మేకులకు వేలాడుతున్నాయి. వద్దన్నా రోజూ తగిలిస్తూనే ఉన్నారు. జరిగింది చెబితే విని, "నువ్వు ఇంకో బోర్డు దగ్గరికి పోతే దీనికేం కాదు బాబూ. దీని మీద చెయ్యి పెడితే అందరికీ మారిపోద్ది" అన్నారు.

బిళ్ళలు చూసి వరస మళ్ళీ ఎక్కించాను. పది కాకముందే వెంకన్న తాత లారీ కదిలింది. ఆ తరువాత ఫంక్షనును మార్చాను. ముందు నకలు తీసి, ఆ నకలునే సర్దేలా రాశాను.

ఫంక్షనుకు అందేది నకలా, అసలా అని రాయకముందే తేల్చుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. చేత్తో చేసే పనిని మాన్పించేముందు, అది చేసే మనిషిని అడగాలని కూడా.

నరసింహులుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ గేటు దగ్గర ఇప్పుడు ఎవరూ బిళ్ళలు తగిలించరు.