వెనక్కి నడవని బస్సు

వెరెత్యెవో పట్టణంలో నేను పుట్టకముందు నుంచీ అమలులో ఉన్న చట్టాలు రెండు. మొదటిది: జట్టు లోపల కూర్చుని ఉండగా చెల్నోక్ ఫుట్‌బాల్ క్లబ్బు బస్సు వెనక్కి నడవరాదు. రెండవది: ఆ బస్సులో ఆడమనిషి ఎక్కరాదు. వీటిని ఎవరూ రాయలేదు, ఏ సభా ఆమోదించలేదు. అయినా రాజధానిలో సంతకాలు, ముద్రలు పడి వచ్చిన ఏ శాసనమూ మా ఊళ్లో ఇంత నిష్ఠగా అమలు కావడం నేను చూడలేదు. అమలు చేసే అధికారి ఒక్కడే. ఆయన పేరు ఆర్కాదీ సవేల్యెవిచ్ త్యూరిన్. ఊరంతా సవేలిచ్ అని పిలుస్తుంది. ఆయన ఆ బస్సు డ్రైవరు.

నేను ఆ క్లబ్బుకు న్యాయవాదిని. లీగులో ఆడాలంటే క్లబ్బుకు న్యాయవాది ఉండితీరాలన్న నిబంధన ఉన్నందువల్ల నన్ను తీసుకున్నారు. గోడకు నిప్పునార్పే సిలిండరు తగిలించి ఉండాలన్న నిబంధన ఉన్నందువల్ల దాన్నీ తగిలించారు. దాని అవసరం ఒకసారి నిజంగానే పడింది. నేను మాత్రం రష్యన్ ఫుట్‌బాల్‌ను సంస్కరించడానికి వచ్చాననుకున్నాను. వచ్చిన వారంలోనే అందుకు ఒక ప్రణాళిక రాసి డైరెక్టరు ఎద్వార్ద్ మకారొవిచ్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ఇప్పటికీ వాడుతున్నాడు. టీ గ్లాసు కింద బల్ల మరకపడకుండా అది బాగా కాపాడుతోంది.

మా ఊరి ఫుట్‌బాల్ నూలుమిల్లులో పుట్టింది. జార్ చక్రవర్తుల కాలంలో యంత్రాలు చూసుకోవడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన మేస్త్రీలు ఆదివారాలు ఊరికే కూర్చోలేక ఒక తోలుబంతి తెప్పించుకున్నారట. కార్మికులు తాగి పడిపోవడం కంటే బంతి వెంట పరుగెత్తి పడిపోవడం మేలని యజమాని మిల్లు వెనక జాగా ఇచ్చాడట. అంతమంది మగవాళ్లు పొట్టి లాగులతో ఒకచోట చేరడంలో ఏదో కుట్ర ఉందని పోలీసు అధికారి మాత్రం అనుమానించాడట. సవేలిచ్ ముత్తాత ఆ మిల్లులో తానులు మోసే గుర్రబ్బండి తోలేవాడు. మొదటిసారి పొరుగూరి మిల్లుతో ఆడటానికి జట్టు వెళ్లింది ఆ బండిలోనే. సగం దారిలో ఒకడు బూట్లు మరిచిపోయానంటే ముత్తాత బండిని వెనక్కి తిప్పాడు. ఆ రోజు మావాళ్లు తిన్న గోల్స్ ఎన్నో సవేలిచ్ చెప్పే రోజును బట్టి మారుతుంటాయి. నేను విన్నంతలో తక్కువ ఏడు, ఎక్కువ పద్నాలుగు.

తరువాత జార్ పోయాడు, యజమాని పోయాడు, మేస్త్రీలు పోయారు. క్లబ్బు కార్మిక సంఘం చేతికి వచ్చి చెల్నోక్ అని పేరు పెట్టుకుంది. చెల్నోక్ అంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె. ముందుకూ వెనక్కూ పోవడం తప్ప వేరే పనిలేని వస్తువు పేరు పెట్టుకున్న జట్టు, వెనక్కి నడవని బస్సులో తిరగడంలోని వైరుధ్యాన్ని నేను ఒకసారి సవేలిచ్‌కు విడమరిచి చెప్పాను. ఆయన ఓపికగా విని, కాలి దగ్గరున్న స్పానరు అందించమన్నాడు.

సోవియట్ దేశం పోయాక మిల్లు జీతాలకు బదులు దుప్పట్లు ఇచ్చింది. ఆటగాళ్లు శనివారం ఆడి, ఆదివారం సంతలో దుప్పట్లు అమ్ముకునేవారు. ఇప్పుడు మిల్లు దుకాణాల సముదాయం; క్లబ్బు నగరపాలక సంస్థ జేబులో బతుకుతోంది. పైనున్న పెద్ద క్లబ్బులలో చాలావరకు ఇంతకంటే పెద్ద జేబుల్లో బతుకుతున్నాయి, అంతే తేడా. ఐరోపా పోటీల తలుపులు మూసుకున్నాక అవి వాటిలో అవే ఆడుకుంటున్నాయి. వాటి ఆట చూడాలంటే ప్రేక్షకుడు ముందు ప్రభుత్వం దగ్గర పేరూ ఫొటో నమోదు చేయించుకోవాలి. మా కింది అంచెకు ఆ బెడద లేదు. గేటు దగ్గర కూర్చునే ముసలామెకు వచ్చేవాళ్లందరి పేర్లూ, వాళ్ల రోగాల పేర్లూ తెలుసు.

సవేలిచ్ గురించి మరొక్క విషయం చెప్పాలి. మూడు దశాబ్దాలుగా ఆయన జట్టును దేశంలోని సగం మైదానాలకు చేర్చాడు. ఒక్క ఆట చూడలేదు. బస్సును వదిలి పోకూడదని ఆయన నియమం. మైదానం గోడ బయట బస్సులో కూర్చుని, పోడ్‌స్తకాన్నిక్ అనే లోహపు తొడుగులో పెట్టిన గ్లాసులో టీ తాగుతూ, లోపలి అరుపులు వింటాడు. ఏ అరుపు ఏమిటో తనకు తెలుసంటాడు.

నాకూ ఆయనకూ మొదటి ఘర్షణ నేను చేరిన శరదృతువులోనే జరిగింది. మా గోల్‌కీపరు, కెప్టెన్ కూడా అయిన రినాత్, రెఫరీ వైపు బూటు విసిరినందుకు పొరుగు నగరంలో విచారణ పెట్టారు. అదే రోజు అక్కడ ఆట. నేను ఫైళ్లతో బస్సు దగ్గరికి వెళ్లాను. సవేలిచ్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మీరు స్టేషనుకు వెళ్లండి, తాయిసియా ఒలేగొవ్నా. రైలు మనకంటే ముందే చేరుతుంది.”

“రాజ్యాంగం ప్రకారం స్త్రీపురుషులకు సమాన హక్కులున్నాయి, ఆర్కాదీ సవేల్యెవిచ్.”

“ఎవరు కాదన్నారు? రైల్లో కూడా ఉంటాయిగా ఆ హక్కులు.”

లోపలి నుంచి రినాత్ తల బయటపెట్టాడు. “లాయరమ్మా, మీకు దండం పెడతా. అసలే పట్టికలో అడుగు నుంచి రెండో చోట ఉన్నాం.”

నేను రైల్లో వెళ్లాను. విచారణలో రినాత్‌ను కాపాడాను. అందువల్ల అతను ఆ సాయంత్రమే మూడు గోల్స్ తినగలిగాడు. బస్సులో నేను లేనన్న సంగతిని మర్నాడు సవేలిచ్‌కు సాక్ష్యంతో సహా గుర్తుచేశాను. “అదే ఊళ్లో ఉన్నారుగా,” అన్నాడాయన, బానెట్ లోంచి తల ఎత్తకుండానే.

అప్పుడు నేను ప్రతీకారం తీర్చుకున్నాను. నా స్థాయి మనిషి దాన్ని ప్రతీకారం అనదు, పారదర్శకత అంటుంది. ప్రజాధనంతో నడిచే క్లబ్బు ఒక డ్రైవరును ముప్పయ్యేళ్లుగా ఏ పోటీ లేకుండా ఎలా ఉంచుకుంటుందని సుదీర్ఘంగా ప్రశ్నించి, జట్టు రవాణాకు బహిరంగ టెండరు పిలిపించాను. నా జీవితంలో అంత అందమైన పత్రం మళ్లీ రాయలేదు. పర్యాటకులను తిప్పే ఒక సంస్థ తక్కువ ధరకు గెలిచింది. సవేలిచ్ తాళాలు నా బల్ల మీద పెట్టాడు. సీటు మీది దిండు, టీ గ్లాసు తొడుగు తీసుకున్నాడు. నా మీద కోపగించుకుంటే జవాబు చెప్పడానికి ఆరు పేరాలు సిద్ధంగా ఉంచుకున్నాను. ఆయన “ఎడమ అద్దం కొంచెం వదులు, చెప్పండి వాళ్లకి,” అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆరు పేరాలూ నా దగ్గరే మిగిలిపోయాయి.

కొత్త బస్సు తెల్లగా, చల్లగా, సుగంధంగా ఉంది. కొత్త డ్రైవరు మర్యాదస్తుడు. మొదటి ప్రయాణంలో పెట్రోలు బంకు దగ్గర అతను ఏ దురుద్దేశమూ లేకుండా రివర్స్ గేరు వేశాడు. బస్సు కీచుకీచుమంటూ వెనక్కి కదిలింది. ఆ తరువాతిది రినాత్ చెప్పాడు: కోచ్ కళ్లు మూసుకున్నాడట, ఇద్దరు కదులుతున్న బస్సులోంచే దూకారట, మిగిలినవాళ్లు చావు ఇంట్లో ఉన్నట్టు కూర్చున్నారట. ఆ ఆట ఓడిపోయారు. ఆ తరువాతిదీ ఓడిపోయారు. రివర్స్ గేరు లేకుండానే అంతకుముందు ఎన్ని ఓడిపోయారో చూపుతూ నేను ఒక పట్టిక తయారుచేశాను. దాన్ని చూసి ఎవరి మనసూ తేలికపడలేదు.

అక్టోబరు చివర రినాత్ నా గదికి వచ్చి తలుపు మూశాడు.

“మేం ఆ బస్సు ఎక్కం. సవేలిచ్ నడిపితే ఎక్కుతాం. తీసేసింది మీరే, తెచ్చేదీ మీరే.”

ఇది చట్టం ప్రకారం సమ్మె కిందికి రాదనీ, ఆటకు వెళ్లకపోతే ఓటమిగా రాస్తారనీ, మరోసారి అలా జరిగితే లీగు నుంచే తీసేస్తారనీ వివరించాను.

“అవన్నీ ఆయనకి చెప్పండి,” అన్నాడు రినాత్. “వస్తాడేమో.”

సవేలిచ్ ఇంట్లో తలుపు తీసింది ఆయన భార్య నోన్నా. నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

“టెండరు పిల్లవి నువ్వేనా? రా, కూర్చో. శనివారాలు ఇన్నేళ్లూ నావి. ఇప్పుడు ఈ మనిషి వంటింట్లో నా వెనకాలే నిలబడి ఉప్పెక్కువైందంటాడు. ఆట వేళకి పెరట్లోకి పోయి ఆ పాత జిగులీ కారులో కూర్చుంటాడు. దానికి ఇంజన్ లేదు, చూశావా?”

కిటికీలోంచి చూశాను. ఇటుకల మీద నిలబెట్టిన కారు. ముందు సీట్లో ఆ దిండు. ముందుటద్దం మాత్రం మెరిసేలా తుడిచి ఉంది.

సవేలిచ్ వచ్చి కూర్చున్నాడు. నోన్నా క్యాబేజీ కూరి కాల్చిన పిరోగ్ రొట్టె కోసింది. మొదటి నెల తరువాత ఆ పర్యాటక సంస్థతో ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతు నేనే పెట్టాననీ, క్లబ్బు పాత బస్సు ఇంకా షెడ్డులోనే ఉందనీ, దాన్ని నడపడానికి మరో టెండరు పిలుస్తాననీ చెప్పాను. అందులో ఒక సాంకేతిక షరతు ఉంటుంది: ‘ప్రయాణికులు వాహనంలో ఉన్న సమయంలో సదరు వాహనం ఎట్టి పరిస్థితులలోనూ వెనుక దిశగా చలించరాదు.’ ఆ వాక్యాన్ని నేను పైకి చదువుతున్నప్పుడు విశ్వవిద్యాలయంలో నాకు పాఠాలు చెప్పిన ఆచార్యులందరూ వరుసగా కళ్ల ముందు మెదిలారు.

“బాగుంది,” అన్నాడు సవేలిచ్. “ఆడవాళ్ల సంగతి కూడా రాస్తున్నారా?”

“రాయను.”

“అయితే నేను రాను.”

“నా చేయి విరిచినా అది రాయను, ఆర్కాదీ సవేల్యెవిచ్.”

“చెయ్యి ఎందుకు విరవడం. పిరోగ్ తినండి.”

కాసేపు ముగ్గురం తిన్నాం. ఆయన కళ్లు పెరటి కిటికీ వైపు పోయి, నేను చూశానని గమనించి వెనక్కి వచ్చాయి. ఆయనకు ఆ సీటు ఎంత కావాలో, ఆ మాట పైకి అనడం ఎంత అసాధ్యమో అప్పుడు తెలిసింది. నా పరిస్థితీ అదే. చట్టాన్ని మార్చలేని న్యాయవాది ఆఖరున చేసే పని ఒకటుంది: అందులోని ఒక మాటకు అర్థం నిర్ణయించడం.

“ఎక్కరాదన్నది ప్రయాణికుల సంగతి. మీరు ప్రయాణికులా?” అని అడిగాను.

“నేనా? నేను డ్రైవర్ని.”

“అంటే సిబ్బంది. మీ సీటు పక్కన మడత కుర్చీ ఒకటి ఉంది కదా. అందులో కూర్చునేవాళ్లు?”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ముత్తాతతో సంప్రదిస్తున్నట్టు అనిపించింది.

“వాళ్లూ సిబ్బందే,” అన్నాడు చివరకు. “కానీ సిబ్బంది అంటే పని చెయ్యాలి.”

“చేస్తాను.”

“పాపం పిల్ల,” అంది నోన్నా టీ పోస్తూ. “ఏం పనో కూడా అడగలేదు.”

రెండో టెండరుకు పర్యాటక సంస్థ న్యాయవాది ఒక ప్రశ్న పంపాడు: వెనుక దిశ షరతుకు ఆధారమైన సాంకేతిక ప్రమాణం ఏది? ‘శతాబ్దానికి పైబడిన నిర్వహణానుభవం’ అని జవాబిచ్చాను. వాళ్లు మళ్లీ రాయలేదు. ఇంకెవరూ ముందుకు రాలేదు. సవేలిచ్ దిండు తన చోటికి తిరిగి వచ్చింది.

నవంబరు మొదట్లో సిబ్బంది హోదాలో నేను తొలిసారి ఆ బస్సు ఎక్కాను. బయలుదేరే ముందు ఆచారం ప్రకారం అందరూ కాసేపు మౌనంగా కూర్చున్నారు. రినాత్ నన్ను చూసి కళ్లు తిప్పుకున్నాడు. “ఆవిడ సిబ్బంది,” అన్నాడు సవేలిచ్ అద్దంలోకి, ఇక చర్చ అనవసరమన్న గొంతుతో.

ప్రధాన రహదారి మీద వాహనాలు బారులు తీరి ఉన్నాయి. నా ఫోనులోని పటం చూసి నేను ఒక దగ్గరిదారి సూచించాను. అది ప్రభుత్వ రికార్డుల్లో ప్రజా రహదారే. చివర ఒక వంతెన ఉండాలి. వంతెన లేదు; వాగు మాత్రం ఉంది. ఇటూ అటూ కందకాలు, బస్సు తిరిగే చోటు లేదు. సవేలిచ్ ఇంజను ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టలేదు. నా ఫోను వైపు ఒకసారి మాత్రం చూశాడు.

జట్టు దిగింది. బూట్ల సంచులు భుజాన వేసుకుని, బురద మంచులో వెనక్కి, పెద్దరోడ్డు దాకా నడిచింది. ఒక్కరూ సణగలేదు. ఆ విధేయత ఏ శాసనానికైనా దొరికితే నేను మళ్లీ ఆదర్శవాదినవుతాను. సవేలిచ్ కిటికీ దించాడు.

“సిబ్బంది, దిగండి. వెనకాల నిలబడి దారి చెప్పండి.”

ఆ విధంగా నేను, అంతర్జాతీయ క్రీడా చట్టంలో ప్రశంసాపత్రం పొందినదాన్ని, మోకాళ్ల దాకా బురదతో, నా మీదికి వస్తున్న బస్సుకు రెండు చేతులూ ఊపుతూ, కిలోమీటరు దూరం వెనక్కి నడిచాను. ఆ రోజు బస్సుతోపాటు వెనక్కి నడిచిన మనిషిని నేనొక్కదాన్నే. రెండుసార్లు జారి బురదలో కూలబడ్డాను. పెద్దరోడ్డు దగ్గర జట్టు చప్పట్లు కొట్టింది.

ఆట మొదలయ్యే వేళకు చేరాం. తుడుచుకోగలిగినంత తుడుచుకుని మైదానం గేటు వైపు అడుగు వేశాను.

“ఎక్కడికి?” అన్నాడు సవేలిచ్.

“ఆట చూడటానికి.”

“సిబ్బంది బస్సు దగ్గరే ఉంటారు.”

సిబ్బంది అన్న నిర్వచనం నాదే. మడత కుర్చీలో కూర్చున్నాను. ఆయన రెండో గ్లాసు తీశాడు. దానికి కూడా తొడుగు ఉంది, కొత్తగా తోమింది. గోడ అవతల ఒక పెద్ద అరుపు లేచింది.

“మన గోల్,” అన్నాడు నిశ్చయంగా.

మరొకటి లేచింది.

“ఇదీ మనదే.”

ఆఖరుకు ఆటగాళ్లు తలలు వంచుకుని గేటులోంచి వస్తుంటే, ఓడిపోయారని నేను తీర్మానించాను. గెలిచారనీ, అలసిపోయారనీ ఆయన అన్నాడు. రినాత్ మెట్టెక్కుతూ చెప్పాడు: ఒక్క గోలూ పడలేదు. మొదటి అరుపు మైదానంలోకి కుక్క వచ్చినందుకు, రెండోది దాన్ని పట్టుకున్నందుకు.

సవేలిచ్ ఏమాత్రం చలించకుండా గ్లాసులు కడిగి పెట్టాడు. అందరూ ఎక్కారా అని నన్నడిగాడు. నేను లేచి, లెక్క చూసి, ఎక్కారన్నాను. బస్సు ముందుకు కదిలింది.